లేని మూడో షెడ్యూలు



మన జిల్లాల్లో ‘ఐపీ పెట్టాడు’, అంటే దివాలా పిటిషన్ వేశాడు, అనే మాట వినని ఇల్లుండదు. ఫలానావాడు ఐపీ పెట్టాడనగానే ఊళ్లో రెండే ప్రశ్నలు. ఎంతకు పెట్టాడు? ఎవరెవరికి నోటీసులొచ్చాయి? ఆ ఇంట్లో ఈ నెల బియ్యం ఎలా కొంటారని అడిగినవాళ్లను నేను చూడలేదు. పిటిషన్ రాసే లాయర్లం మనమూ అడగం. ఎ షెడ్యూల్లో అప్పులవాళ్ల పేర్లు, బి షెడ్యూల్లో ఆస్తులు రాసి సంతకం పెట్టించి పంపేస్తాం. ఆ కుటుంబం బతకడానికి నెలకెంత కావాలో రాసే మూడో షెడ్యూలు మనకు లేదు. లేని ఆ కాగితం గురించే ఇవాళ మాట్లాడతాను.

చట్టం ఈ విషయంలో మూగదేం కాదు. మనం ఇప్పటికీ ఐపీలు వేస్తున్నది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కింద. సివిల్ ప్రొసీజర్ కోడ్ జప్తు చేయరాదన్న ఆస్తి దివాలా ఆస్తిలోకి రాదని దాని 28వ సెక్షన్ చెబుతుంది. దివాలాదారుకీ అతని కుటుంబానికీ పోషణ కోసం అతని ఆస్తిలోంచే కోర్టు తగినంత భత్యం ఇవ్వవచ్చని 66వ సెక్షన్ చెబుతుంది. ఇన్నేళ్ల ప్రాక్టీసులో 66 కింద నేను వేసిన దరఖాస్తులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. దానికి నేను బాధపడుతున్నాను.

ఇక జప్తు చేయరానివేవో చెప్పే కోడ్‌లోని 60వ సెక్షన్. కట్టుబట్టలు, వంటపాత్రలు, మంచాలు, పక్కబట్టలు, మతాచారం ప్రకారం స్త్రీ ఒంటి మీంచి తీయకూడని నగలు, చేతిపనివాడి పనిముట్లు, రైతు సేద్యపు సామాను. 1908లో రాసిన ఆ జాబితా చదువుతుంటే ఒక ఇల్లు కళ్లముందు నిలబడుతుంది. కూలీల వేతనాన్ని అసలు ముట్టుకోకూడదు. జీతగాడికైతే మొదటి 1,000 రూపాయలు, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు వదిలేయాలి. 31,000 జీతమైతే ఇంటికి 21,000, డిక్రీదారుకి 10,000. ఒకే డిక్రీ కింద మొత్తం 24 నెలలు కోత పడ్డాక ఆ డిక్రీకి ఇక జీతం దొరకదు. ఈ రక్షణ వదులుకుంటున్నానని మన క్లయింటు చేత ఎవరు ఏ కాగితం మీద సంతకం పెట్టించుకున్నా అది చెల్లదు. ఈ మాట ఈ మధ్యే నల్లకోటు వేసుకున్న పిల్లలు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. చాలామంది క్లయింట్లు ఆ సంతకానికి భయపడే మన దాకా రారు.

అయితే ఆ 1,000 అన్న అంకె చూడండి. అంతకుముందు 400 ఉండేది. 1999 సవరణ దాన్ని పెంచితే 2002 జూలైలో అమల్లోకి వచ్చింది. ఆ తర్వాత కదల్లేదు. పైగా ఒంటరివాడికీ, ముగ్గురు పిల్లలూ మంచం పట్టిన తల్లీ ఉన్నవాడికీ ఒకటే లెక్క. జీతం చూసి కోస్తుంది తప్ప ఇంట్లో ఎన్ని కంచాలున్నాయో ఈ సూత్రం చూడదు. దాని లోపం అదే. ఆ కంచాల లెక్క కోర్టు ముందు పెట్టాల్సింది మనం.

ఒక ఉదాహరణ చెబుతాను. పేరూ ఊరూ వద్దు, అంకెలు కూడా ఆనవాలు దొరక్కుండా మార్చాను. బట్టల కొట్టు మూసేసి, మరో కొట్లో గుమాస్తాగా చేరినాయన. నెలకు 22,000. భార్య జాకెట్లు కుట్టి 6,000 తెస్తుంది. ప్రోనోట్లు, పాడుకున్న చీటీ బాకీ, చేబదుళ్లు కలిపి అప్పు తొమ్మిది లక్షలు. ‘ఇంటి ఖర్చు 14,000 అండీ, మిగతా 14,000 అప్పులవాళ్లకి కట్టేస్తాను’ అన్నాడు. అంత ధీమాగా చెబుతుంటే నాకు అనుమానమొచ్చింది. అప్పున్న మనిషి ఖర్చు పెంచి చెబుతాడని అందరూ అనుకుంటారు. నేను చూసినంతలో తగ్గించి చెబుతాడు. తను తింటున్నానని చెప్పుకోవడానికే సిగ్గుపడతాడు.

భార్యాభర్తలిద్దర్నీ కూర్చోబెట్టి మళ్లీ రాశాం. నెలనెలా కనపడని ఖర్చులు బయటికొచ్చాయి. జూన్‌లో బడి ఫీజు, పుస్తకాలు. తల్లి బీపీ మాత్రలు. కుట్టుమిషన్ రిపేరు. అది చెడితే 6,000 ఆగిపోతాయి కనుక అది ఖర్చు కాదు, ఆదాయానికి కాపలా. గ్యాసు, కరెంటు, ఫోన్ రీచార్జి, సంక్రాంతికి పిల్లల బట్టలు. ఏడాదికొకసారి వచ్చేవాటిని పన్నెండుతో భాగించి నెల ఖర్చులో కలిపాం. ఇలా మూడుసార్లు కూర్చుంటే తేలింది 23,500. మిగిలేది 4,500. దాంట్లో 500 జ్వరానికో చావుకబురుకో పక్కన పెట్టించాను. అప్పులవాళ్లకి 4,000. మూడేళ్లకి 1,44,000. అంటే రూపాయికి పదహారు పైసలు.

‘పదహారు పైసలా!’ అని అప్పులవాళ్లకి కోపం వస్తుంది, న్యాయమే. వాళ్లలోనూ కూతురి పెళ్లికి దాచుకున్న సొమ్ము ఇచ్చినవాళ్లుంటారు. కానీ 14,000 కడతానన్న మాట మూడో నెల దాటదు. ఆ మాట నిలబెట్టుకోవడానికే అతను ఇంకో చోట నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తాడు. పాత అప్పులవాడి పక్కన కొత్త అప్పులవాడు వచ్చి చేరతాడు. నిజంగా కట్టగలిగిన చిన్న మొత్తం అప్పులవాడికీ మేలే. ముందు ఇంటి ఖర్చు నిజాయితీగా తేల్చి, మిగిలింది మాత్రమే అప్పు కింద రాయాలి. ఈ వరస తిప్పకండి.

మూడోసారి కూర్చున్నప్పుడు ఆ ఇల్లాలు అడిగింది: ‘ఆడబిడ్డ కూతురి పెళ్లికి చదివింపులు ఎక్కడ రాయమంటారండీ?’ భర్త తల వంచుకున్నాడు. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

ఐర్లండ్ ఈ ప్రశ్నకు జవాబు రాసిపెట్టుకుంది. అక్కడ 2012 నాటి వ్యక్తిగత దివాలా చట్టం కింద, బాకీదారు కుటుంబానికి సహేతుకమైన జీవన వ్యయం ఎంతో ప్రభుత్వ సంస్థే మార్గదర్శకాలు ప్రకటిస్తుంది. తిండి, బట్ట, వైద్యం, కరెంటుతో పాటు నలుగురిలో కలిసి మెలగడానికయ్యే ఖర్చుకూ అందులో ఒక పద్దు ఉంది. కొద్దిపాటి పొదుపుకీ ఉంది. చదివింపులు ఆడంబరం కాకుండా ఉన్నంతవరకు నేనూ రాయిస్తాను. పెళ్లికి వెళ్లడం మానేసిన కుటుంబాన్ని రేపు కష్టమొస్తే ఆదుకునేదెవరు?

మన దగ్గర 2016 దివాలా స్మృతిలో వ్యక్తుల భాగం మంచిదే ఉంది. కానీ 2019 డిసెంబర్ 1 నుంచి కంపెనీల అప్పులకు హామీ ఉన్నవాళ్లకు మాత్రమే అమలవుతోంది. వాళ్ల చెల్లింపు ప్రణాళికలో హామీదారుకీ అతని మీద ఆధారపడ్డ కుటుంబానికీ సహేతుకమైన ఖర్చులకు కనీస బడ్జెట్ చూపాలని నిబంధనల్లోనే రాశారు. కోట్ల హామీ ఇచ్చినాయనకు ఉన్న ఆ ఒక్క పంక్తి జాకెట్లు కుట్టే ఇల్లాలికి లేదు. ఇది నాకు కంటగింపుగా ఉంది. మిగతావాళ్లకీ ఆ భాగం అమలు చేయమని మన సంఘాలు గట్టిగా అడగాలి.

అడుగుతూనే మనం చేయగలిగింది చేద్దాం. ఆ ఖర్చుల కాగితం ఐపీకే కాదు, డిక్రీ అమలుకు అరెస్టు కోరుతూ వేసిన ఈపీకీ పనికొస్తుంది. 1980లో జాలీ జార్జి వర్గీస్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ తేల్చారు కదా, కట్టలేనివాణ్ని దుర్బుద్ధి లేకుండా కేవలం కట్టలేదని జైల్లో పెట్టకూడదని. కట్టలేనని నోటిమాటగా చెబితే కోర్టు ఎలా నమ్ముతుంది? పద్దుల వారీగా చూపిద్దాం. రసీదులు జతచేద్దాం, ఆదాయం ఒక్క రూపాయి దాచకుండా రాయిద్దాం. దాచినట్టు తేలితే మిగతా పద్దులన్నీ అబద్ధమవుతాయి.

నేను వాడుతున్న నమూనా ఒకటి జెరాక్స్ తీయించి వెనక బల్ల మీద పెట్టాను. అందులో పన్నెండుతో భాగించాల్సిన పద్దులు విడిగా ఉన్నాయి. చదివింపులకూ ఒక గడి ఉంది. రేపు మీ దగ్గరికొచ్చే మొదటి ఐపీకి దాన్ని జతచేయండి. నింపేటప్పుడు ఇంటి ఆడవాళ్లను తప్పకుండా కూర్చోబెట్టండి.