అడవిలో నిలిచిన సేనాని



పలనాటి వీరగాథలు విని పెరిగిన తెలుగువారికి శౌర్యమనగానే కత్తి దూసి ముందునకు దుమికిన బాలచంద్రుని రూపము స్ఫురించుట సహజము. ఓడిన సైన్యమును చెదరనీయక, ఓడిన చోటనే గెలిపించు శౌర్యము మరియొకటి కలదు. రెండవ ప్రపంచ యుద్ధమున బర్మా అడవులలో విలియం స్లిమ్ చూపిన శౌర్యము అట్టిది.

స్లిమ్ 1891లో ఇంగ్లండునందలి బ్రిస్టల్ నగరమున ఇనుప సామానుల వర్తకుని ఇంట జన్మించెను. సైన్యమున చేరకమునుపు బడిపంతులుగాను, గుమాస్తాగాను పనిచేసెను. మొదటి ప్రపంచ యుద్ధమున గాయపడెను. తరువాత గూర్ఖా దళమున అధికారియైన దినములలో జీతము చాలక, మారుపేరుతో కథలు వ్రాసి పత్రికలకు పంపెడివాడు.

1942 మార్చిలో బర్మాలోని సేనల నాయకత్వము అతనికి లభించునాటికే రంగూను జపానువారి వశమైయుండెను. తెలుగువారు ‘రంగము’ అని పిలుచుకొన్న ఆ నగరము కోస్తా జిల్లాల కూలి కుటుంబములనేకమునకు జీవనాధారము. ఆ యేట లక్షలాది భారతీయులు స్వదేశమునకు బయలుదేరిరి. కొండలు, అడవులు కాలినడకన దాటుచు ఆకలికి, రోగములకు వేలమంది బలియైరి. స్లిమ్ సైన్యమును సుమారు 900 మైళ్లు వెనుకకు నడిచి, మే నెలలో భారత సరిహద్దు చేరెను. బట్టలు చినిగి, జ్వరములతో కృశించియు ఆ సైనికులు ఆయుధములు విడువలేదు.

ఓటమికి కారణమేమి? జపానువారు బాట విడిచి, అడవిలోనుండి చుట్టి వచ్చి, వెనుక దారి మూసెడివారు. ఆ వార్త వినగానే సైన్యము వెనుదిరిగెడిది. అడవి ఇరుపక్షములకును సమానమేయనియు, దాని నెరిగినవానికి అదియే రక్షయనియు స్లిమ్ బోధించెను. వంటవాడు మొదలు గుమాస్తా వరకు ప్రతివాడును తుపాకి పట్ట నేర్వవలెను. శత్రువు చుట్టుముట్టినచో ఉన్నచోటనే నిలిచి పోరాడవలెను. ఆహారమును, మందుగుండును విమానములు జారవిడుచును. మొదట చిన్న శత్రుదళములపైకి పెద్ద దళములను పంపి, బెదరిన సైనికులకు గెలుపు రుచి చూపెను.

అచ్చట జపానువారికన్న దోమయే భయంకరము. 1943లో గాయపడి తరలింపబడిన ఒక్కొక్కనికి 120 మంది వ్యాధిగ్రస్తులు తరలింపబడుచుండిరి. మలేరియా మాత్ర దినమును మింగవలెనని స్లిమ్ శాసించి, ఆకస్మిక పరీక్షలు జరిపించెను. నూటికి 95 మందికన్న తక్కువ మింగినట్లు తేలిన దళమున అధికారినే తొలగించెను. ముగ్గురు తొలగింపబడునప్పటికి మిగిలినవారు దారికి వచ్చిరి. ముందు వరుసలవారికి సగము బత్తెమే అందినపుడు తన కార్యాలయమువారికిని సగమే పెట్టించెను.

1944 ఫిబ్రవరిలో ఆరకానులో పరీక్ష వచ్చెను. చుట్టుముట్టబడిన దళములు ఈసారి వెనుదిరుగలేదు. మార్చిలో జపాను సేనలు ఇంఫాలు, కోహిమాల వైపు సాగెను. కోహిమాకు ఒక చిన్న దళము మాత్రమే రాగలదని స్లిమ్ అంచనా వేసెను. వచ్చినది ఒక పూర్తి డివిజను. కొద్దిపాటి రక్షకసేన సహాయము వచ్చువరకు ఆ గుట్టలను విడువలేదు. జూన్ 22న ఇంఫాలు బాట తెరువబడెను. 1945 మే నెలలో రంగూను మరల చేజిక్కెను.

ఆ సైన్యమున అధికసంఖ్యాకులు భారతీయులే. ఎదుటి పక్షమున స్వాతంత్ర్యకాంక్షతో నేతాజీ వెంట నడిచిన భారతీయులును ఉండిరి. ఉభయుల త్యాగమును తలచుట ధర్మము.

1956లో ప్రచురించిన తన గ్రంథమున స్లిమ్ కోహిమా విషయమున పొరబడినది తానేయని ఒప్పుకొనెను. తన తప్పుల ఫలితమునుండి తన్ను కాపాడినది తన క్రిందివారి నేర్పును, సైనికుల మొక్కవోని ధైర్యమునేయని వ్రాసెను. గెలిచిన సేనాని తన తప్పును తానే లోకమునకు చెప్పుట అరుదు. అడవిలో నిలుచుటకు వలసిన ధైర్యమువంటిదే అదియును.

ఇరువదియైదేండ్లు నిండిన ఈ గ్రంథాలయమున గెలుపు కథలతోపాటు ఇట్టి ఒప్పుకోలు గ్రంథములకును చోటుండవలెను. ఓటమిని దాచక పరిశీలించు విద్య ఊరికిని అవసరము.