నాటకశిక్షణము – మన బిడ్డల వాక్కు
(తల్లిదండ్రుల సమావేశమునందలి ప్రసంగ పాఠము)



ఉన్నత పాఠశాలలోని బాలబాలికలకు నాటకము, అభినయము ఏల నేర్పవలెనని మీలో కొందఱు మమ్ము అడుగుచున్నారు. పరీక్షలుండగా సాయంకాలపు గంటను వేషములకు వెచ్చించుట తగునా యని వారి సందేహము. అది సహజమైనదే, సమాధానము చెప్పుట మా విధి.

మన బిడ్డలు తెలుగు పుస్తకమును తడబడక చదువుదురు. పదుగురి యెదుట తెలుగున నాలుగు మాటలాడుమన్నచో తల వంచుకొందురు. వీథిలో కన్నడము, పై చదువులకు ఆంగ్లము. తెలుగు వంటయింటి మాటలకే మిగులుచున్నది. వ్రాత వలన అక్షరములు నిలుచును గాని, నోట నాడనిదే భాష నిలువదు. ఈ కొఱతను తీర్చుటకు నాటకమును మించిన పాఠము మాకు కానరాలేదు.

ఇది మన బళ్లారికి క్రొత్త విద్య కాదు. ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు 1886లో ఇచ్చట సరస వినోదినీ సభను స్థాపించి, మఱుసటి యేట చిత్రనళీయమును ప్రదర్శింపజేసిరి. కోలాచలము శ్రీనివాసరావుగారు చారిత్రక నాటకములు రచించిరి. బళ్లారి రాఘవగారు (1880–1946) తెలుగు, కన్నడ, ఆంగ్ల భాషలు మూటను నటించిరి. మువ్వురును న్యాయవాదులే. నాటకము వారి వృత్తిని చెఱుపలేదు. 1953లో బళ్లారి మైసూరు రాష్ట్రమున చేరినది. ఎల్లలు మాఱినను ఆ వారసత్వము మనకు మిగిలియే యున్నది.

పద్యమును రాగాలాపనలో ముంచివేయక భావము తెలియ పలుకవలెనని రాఘవగారి మతము. మా శిక్షణమునకు అదియే మూలము. మొదటి వారమున ఎవ్వరికిని వేషమీయము. అందఱును కూర్చుండి చదువుదురు. ఈ మాట ఎవరు, ఎవరితో, ఏమి కోరి పలుకుచున్నారో చెప్పుదురు. పిదప ఊపిరి తీసికొనవలసిన చోట్లను గుర్తింతురు. శ, ష, స భేదములను, మహాప్రాణములను సరిదిద్దుకొందురు. కడపటి బల్లవద్ద కూర్చున్నవానికి మాట చేరవలెను. కాని అఱచుట వేఱు, వినిపించుట వేఱు. ఎదుటివాడు పలుకునపుడు శ్రద్ధగా వినుటయు అభినయమే. చలనచిత్ర నటుని అనుకరించు బాలుని, “నీవైనచో ఎట్లు పలుకుదువు?” అని అడుగుదుము. జంకు గల బిడ్డకు ముందుగా ఒక్క వాక్యము గల భటుని వేషమిత్తుము. ఆ వాక్యమును నిండు సభలో పలికిన బిడ్డ, మఱునాడు తరగతిలో తానై లేచి ప్రశ్న అడుగుటను మేము పెక్కుమాఱులు చూచితిమి. వేషము దొరకనివారికి తెర, దీపములు, మాట అందించుట మున్నగు పనులు కలవు.

ఇక మిమ్ము కోరునవి మూడు. వారమునకు రెండు గంటలు మాకు విడువుడు. అర్ధసంవత్సర పరీక్షల తరువాత పదవ తరగతివారిని మేమే అభ్యాసమునుండి తప్పింతుము. వేషములకు డబ్బు వెచ్చింపకుడు. ఇంటిలోని పాత చీరయు, ఉత్తరీయమును చాలును. బాలికలను వారింపకుడు. స్త్రీపాత్రలను స్త్రీలే ధరింపవలెనని రాఘవగారు ఆనాడే పట్టుబట్టిరి. ఆ ఊరివారమైన మనము ఈనాడు వెనుదీయుట తగదు.

మఱియొక విన్నపము. రాత్రి భోజనానంతరము పది నిమిషములు మీ బిడ్డ పాఠమును వినుడు. అవ్వలను, తాతలను దగ్గఱ కూర్చుండబెట్టుడు. వారి పలుకుబళ్లు, సామెతలు మా పుస్తకములలో లేవు. అవి బిడ్డల నోటికి చేరినచో నాటకము రక్తికట్టును. అంతకంటె ముఖ్యముగా, మీ యింటి తెలుగు ఇంకొక తరము బ్రతుకును.