పేరు మార్చాం, గొంతు మార్చలేదు

(ప్రజ్ఞాపూర్‌లో మహిళా సంఘాల కార్యకర్తల శిక్షణ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఉదయం జూబ్లీ బస్ స్టేషన్‌లో ఎక్కి వస్తుంటే నా ముందు సీట్లో ఒకామె ఫోనులో ఏదో వింటోంది. చెవిలో ఏమీ పెట్టుకోలేదు. పక్కనున్న ఇద్దరు ఆడవాళ్లు కూడా చెవి ఒగ్గి వింటున్నారు. మధ్యలో ఒకామె "మల్ల మొదటికెల్లి పెట్టు" అంది. ఆ ఫోను లెక్కలో విన్నది ఒక్కరే. బస్సులో విన్నది ముగ్గురు. నాతో కలిపితే నలుగురు. ఈ రోజు మాట్లాడదలచుకున్న విషయం నాకు అక్కడే దొరికింది.

మన పాడ్‌కాస్టులను ఎలా పెంచుకోవాలి, ఎలా మెరుగుపరచుకోవాలి అన్న అంశం మీద మాట్లాడమన్నారు. మీలో చాలామంది ఒకటి రెండేళ్లుగా స్త్రీల అనుభవాలను రికార్డు చేసి వినిపిస్తున్నారు. వినేవాళ్లు పెరగడం లేదన్న దిగులూ ఉంది. ఉపాయాలు చెప్పే ముందు రెండు ప్రశ్నలు వేసుకుందాం. పెరగడం అంటే ఏమిటి? మెరుగు పడిందని తేల్చేది ఎవరు?

'పాడ్‌కాస్ట్' అన్న మాట 2004లో ఒక ఇంగ్లీషు పత్రికా వ్యాసంలో పుట్టింది. కానీ స్త్రీలు మాట్లాడటం, దాన్ని రికార్డు చేసి మిగతా స్త్రీలు వినడం మనకు కొత్త కాదు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల జ్ఞాపకాలను స్త్రీ శక్తి సంఘటన సేకరించి 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా తెచ్చింది. చరిత్ర పుస్తకాలు వదిలేసిన వాళ్ల దగ్గరికి వెళ్లి, కూచుని, ఓపికగా వినడమే ఆ పని. మన రికార్డింగులకు అది పెద్దమ్మ లాంటిది.

ఇంకా దగ్గరి ఉదాహరణ మన పాత మెదక్ జిల్లాలోనే ఉంది. జహీరాబాద్ ప్రాంతంలోని మాచనూరులో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు నడిపే సంఘం రేడియో. 1990ల చివర్లోనే వాళ్లకు స్టూడియో ఉంది, రికార్డు చేయడం వచ్చు. ప్రసారం చేసే హక్కు మాత్రం లేదు. ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. అయినా ప్రభుత్వం 2002లో మొదట విద్యాసంస్థలకే అనుమతి ఇచ్చింది. స్వచ్ఛంద సంస్థలకు తలుపు తెరిచింది 2006లో. సంఘం రేడియో గాలిలోకి వచ్చింది 2008 అక్టోబర్ 15న.

మరి మధ్యలో అన్నేళ్లు వాళ్లేం చేశారు? రికార్డు చేసిన క్యాసెట్లను ఊళ్లకు పట్టుకుపోయి సంఘం మీటింగుల్లో వినిపించారు. అందరూ కలిసి విన్నారు, విన్నాక మాట్లాడుకున్నారు. విత్తనాల గురించి, జబ్బుల గురించి, పాటల గురించి. లైసెన్సు వచ్చేనాటికి వాళ్లకు శ్రోతలు తయారుగా ఉన్నారు. ఎందుకంటే ఆ శ్రోతలే కార్యక్రమాలు చేసినవాళ్లు. అక్కడ అడిగేవాళ్లదీ చెప్పేవాళ్లదీ ఒకే ఊరు, ఒకే పొలం పని. నేను డాక్టరేటు కోసం ఊళ్లు తిరిగినప్పుడు అడగడం నా వంతు, చెప్పడం వాళ్ల వంతు. ఆ తేడాను నేను చాలా ఆలస్యంగా గుర్తించాను.

ఇప్పుడు లెక్కల సంగతి. డౌన్‌లోడ్ల సంఖ్య చూసి కుంగిపోవద్దు, పొంగిపోవద్దు. డౌన్‌లోడ్ అయినంత మాత్రాన విన్నట్టు కాదు. ఎంతమంది చివరిదాకా విన్నారు, ఏ నిమిషం దగ్గర ఎక్కువమంది వదిలేశారు అన్నది చూడండి. చాలా భాగాల్లో అది మొదటి రెండు నిమిషాల్లోనే జరుగుతుంది. కారణం మనమే. సంస్థ పరిచయం, అధ్యక్షుల పరిచయం, దాతలకు కృతజ్ఞతలు అయ్యాక గానీ మాట్లాడే మనిషి రాదు. ఆమెను ముందుకు తెండి. కృతజ్ఞతలు చివర చెప్పుకోవచ్చు.

ఇంకొక లెక్క కూడా మరవకూడదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో తాము స్వయంగా వాడుకునే ఫోను ఉన్న స్త్రీలు సుమారు 54 శాతం. ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు తెలంగాణలో 26.5 శాతం. ఆ తర్వాత కొంత పెరిగి ఉండొచ్చు. కానీ మనం ఎవరి కోసం చేస్తున్నామంటున్నామో వాళ్లలో చాలామందికి ఫోను భర్తదో కొడుకుదో. సాయంత్రం అతను ఇంటికొచ్చాకే అది ఆమె చేతికి వస్తుంది. అప్పుడు అతని ఎదుటే వినాలి. గృహహింస గురించిన భాగాన్ని ఆమె ఎలా వింటుంది?

కాబట్టి మనకు పెరగడమంటే ముందుగా వినే చోట్లు పెరగడం. బీడీలు చుట్టే అరుగు, ఉపాధి హామీ పనిలో మధ్యాహ్నం విరామం, పొదుపు సంఘం మీటింగు. వారానికొకసారి ఒక భాగం వినిపించి, పావుగంట మాట్లాడించి, ఆ మాటల్లోంచి వచ్చే భాగానికి ప్రశ్నలు ఎత్తుకోండి. 20 నిమిషాల భాగాన్ని మోనోలో, 64 కెబిపిఎస్‌లో దాచితే సుమారు 10 ఎంబీ అవుతుంది. వాట్సాప్‌లో పంపొచ్చు, మెమరీ కార్డులో వేసి ఇవ్వొచ్చు.

శబ్దం గురించి కూడా చెప్పాలి. నాసిరకం రికార్డింగు వినేవాళ్లను అగౌరవపరచడమే. దీనికి ఖరీదైన స్టూడియో అక్కర్లేదు. ఫ్యాను ఆపండి. ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టి మాట్లాడేవాళ్ల నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు ఉంచండి. ఖాళీ గదిలో మాట మోగుతుంది, నాలుగు బొంతలు వేలాడదీస్తే ఆ మోత తగ్గుతుంది. మొదలుపెట్టే ముందు అర నిమిషం ఎవరూ మాట్లాడకుండా ఆ గది నిశ్శబ్దాన్ని రికార్డు చేయండి. తర్వాత కోతలు అతికేటప్పుడు పనికొస్తుంది. కానీ శుభ్రం చేసే పేరుతో భాషను శుభ్రం చేయొద్దు. "గట్లనే", "ఎందుకు జెయ్యద్దు" అన్న మాటలను పత్రికల తెలుగులోకి మార్చి మళ్లీ చెప్పించిన రికార్డింగులు నేను విన్నాను. అలా చెప్పించగానే ఆ మనిషి మాయమైపోతుంది. పుస్తకం చదువుతున్న పిల్ల మిగులుతుంది.

ఇక నా తప్పు చెప్పాలి.

కొన్నేళ్ల కింద మేము కొందరం కలిసి ఆస్తి హక్కుల మీద కొన్ని భాగాలు చేశాం. కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986లోనే చట్టం వచ్చింది. 2005లో దేశమంతటికీ వచ్చింది. చట్టం వచ్చిన ఇన్నేళ్లకు వాటా అడిగిన ఆడబిడ్డకు ఏమవుతుందో స్త్రీల మాటల్లోనే వినిపించాలనుకున్నాం. ఒకామె తన అన్నదమ్ములను భూమి అడిగిన కథ చెప్పింది. ఎంత బాగా చెప్పిందంటే, రికార్డు చేస్తున్న మా అమ్మాయి ఏడ్చేసింది. ఆమె పేరు మార్చాం. ఊరి పేరు తీసేశాం. అంగీకార పత్రం మీద వేలిముద్ర తీసుకున్నాం. పద్ధతి ప్రకారం అంతా చేశామనుకున్నాం.

ఆ భాగం మేము చేసిన అన్నిటికంటే ఎక్కువమంది విన్నారు. మాకు చాలా సంతోషమైంది. అలా వాట్సాప్‌లో తిరిగీ తిరిగీ అది ఆమె పుట్టింటి ఊరికి చేరింది. గొంతు విన్న మొదటి నిమిషంలోనే గుర్తుపట్టారు. ఆ ఏడు బతుకమ్మ పండక్కి ఆమెను తీసుకుపోవడానికి ఎవరూ రాలేదు. తర్వాత కూడా రాలేదు. నేను వెళ్లి కలిసినప్పుడు ఆమె నన్ను తిట్టలేదు. "పేరు మార్చిన్రు గని మేడం, గొంతు మార్వలె గదా" అంది, అంతే. మా పేజీలోంచి ఆ భాగాన్ని తీసేశాం. కానీ జనం ఫోన్లలో ఉన్నదాన్ని ఎక్కడని తీస్తాం?

మా పాడ్‌కాస్టు పెరిగింది ఆ భాగంతోనే. ఆ పెరుగుదల ఖర్చు మేము కట్టలేదు, ఆమె కట్టింది. వినేవాళ్లు పెరిగారని ఎవరైనా సంతోషంగా చెప్పినప్పుడల్లా నాకు ఆమే గుర్తొస్తుంది.

ఆ తర్వాత మేము కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం. రికార్డు చేసిన రోజు ఇచ్చిన అంగీకారాన్ని సగం అంగీకారంగానే తీసుకుంటాం. కోతలన్నీ అయ్యాక మొత్తం ఆమెకు వినిపించి, వారం ఆగి, మళ్లీ అడుగుతాం. "ఇది మీ అత్తింట్లో ఇంటే ఏమైతది? మీ తమ్ముడు ఇంటే?" అని పేరు పేరునా అడుగుతాం. బయటికి వెళ్లాక వెనక్కి తేలేమని దాచకుండా చెబుతాం. వద్దంటే కారణం అడగం. చెప్పాలని ఉండీ భయం ఉంటే ఆమె మాటలను ఇంకొకరు చదువుతారు, చదివింది వేరే గొంతు అని వినేవాళ్లకు చెబుతాం. లైంగిక హింస విషయంలో ఇది నైతికతతో ఆగేది కాదు, చట్టం కూడా. భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ ప్రకారం బాధితురాలి గుర్తింపును బయటపెట్టడం నేరం. పిల్లల విషయంలో పోక్సో చట్టం 23వ సెక్షన్ ఉంది. ఊళ్లో గొంతే గుర్తింపు అని మరచిపోవద్దు.

ఇలా చేస్తే భాగాలు ఆలస్యమవుతాయి, కొన్ని అసలు బయటికే రావు. క్రమం తప్పకుండా రావాలని చెప్పే సలహాలకు ఇది అడ్డం వస్తుంది. నిజమే, క్రమం ముఖ్యమే. నెలకొకటే వస్తుందని చెప్పి నెలకొకటి ఇవ్వండి. వారానికొకటని చెప్పి, గడువు కోసం ఒక మనిషి వారం రోజుల ఆలోచనను లాక్కోవద్దు.

ఇంకొక్క మాట, సొంతదారీ గురించి. గూగుల్ తన పాడ్‌కాస్ట్ యాప్‌ను 2024లో మూసేసింది. రేపు ఇంకొకరు మూయవచ్చు. అసలు రికార్డింగులను కనీసం మూడు చోట్ల దాచండి. మీ ఆర్.ఎస్.ఎస్. ఫీడు, పాస్‌వర్డులు ఒక్క వాలంటీరు ఫోనులో కాకుండా సంస్థ చేతిలో ఉండాలి. కోత, అతుకు నేర్చిన పిల్ల వెళ్లిపోతే పని ఆగిపోయే స్థితి రాకూడదు. ఊళ్లో ఇద్దరికైనా అది నేర్పాలి. వాళ్ల శ్రమకు డబ్బు ఇవ్వాలి. స్త్రీల హక్కుల గురించి మాట్లాడే కార్యక్రమం స్త్రీల ఉచిత శ్రమ మీద నడవడం నాకు ఎప్పటికీ మింగుడు పడదు.

ఇక్కడికి దగ్గర్లోనే ముట్రాజ్‌పల్లిలో, మల్లన్నసాగర్ కింద మునిగిన ఊళ్ల జనం ఉంటున్నారు. ఊరు పోయిన స్త్రీల దగ్గర బావి, బొడ్రాయి, బోనాల తొవ్వ, పొలం గట్టు అన్నీ మాటల్లో మిగిలి ఉన్నాయి. మీలో కొందరు అక్కడ రికార్డు చేయాలనుకుంటున్నారని విన్నాను. తప్పక చేయండి. కానీ మైకు పట్టుకొని వెళ్లే ముందు ఒకరోజు ఉత్త చేతులతో వెళ్లండి. ఎవరు వినాలని వాళ్లు కోరుకుంటున్నారో అడగండి. ఆఫీసర్లు వినాలా, పిల్లలు వినాలా, తమలో తాము వింటే చాలా? జవాబును బట్టి మీ పాడ్‌కాస్టు ఎంత పెరగాలో తెలుస్తుంది.

తమలో తాము వింటే చాలని వాళ్లంటే, ఆ ముప్పై మందికే చేయండి. దాన్ని చిన్న పని అనుకోవద్దు.