కడుపులో బిడ్డ ఆట తగ్గితే ఆ పూటే చెప్పండి
(కోసిగిలో గర్భిణీ స్త్రీల సమావేశంలో చేసిన ప్రసంగం)

వేపచెట్టు కింద నిలబడిన అన్నలు, మామలు కూడా కొంచెం ముందుకు రండి. ఈ మాట మీకూ కావలసిందే.

ఈరోజు ఉపన్యాసం చెప్పను, కథ చెప్తాను. ఒకప్పుడు కుటుంబ నియంత్రణ ప్రచారానికి ఊళ్ళలో బుర్రకథలు చెప్పించేవారు. మనిషి అంకెలు మరిచిపోతాడు గాని కథ మరిచిపోడు. నా కథ ఒక్కరిది కాదు. నేను చూసినవి, విన్నవి నాలుగైదు ఇండ్ల సంగతులు కలిపి ఒక్క మనిషికి కట్టినాను. కాబట్టి ఆమె ఎవరని వెతకొద్దు. చిన్న కోడలు అందాం.

పెళ్ళినాటికి ఆ పిల్లకు పదిహేడేండ్లు. ఆడపిల్లకు పద్దెనిమిది నిండాలని 1978 నుంచీ చట్టం ఉంది. ఆ ఇంట్లో అందరికీ తెలుసు. అయినా చేసినారు. ఏడాది తిరక్కముందే నెల తప్పింది. ఆ ఏడు వానల్లేక పత్తి ఎండింది. సంక్రాంతి దాటగానే ఇంటిల్లిపాదీ గుంటూరు వైపు మిరపకోతలకు, సుగ్గికి బయలుదేరినారు. మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకొని ఉన్నారు. కోడల్ని ఇంట్లో వదిలితే ఒక కూలి తగ్గుతుంది. తల్లీబిడ్డల కార్డు గూట్లోనే ఉండిపోయింది. ఐరన్ మాత్రలు మింగితే బిడ్డ నల్లగా పుడుతుందని అత్త ఎప్పుడో మానిపించింది.

ఎనిమిదో నెల వచ్చింది. మొహానికి, చేతులకు నీరు పట్టింది. తల పగిలిపోయేంత నొప్పి. ఎండ దెబ్బ అనుకున్నారు. ఒకరోజు రాత్రి అన్నం తిని పడుకుంటే, రోజూ ఆ వేళకు తన్నే బిడ్డ తన్నలేదు. ఆ పిల్లకు భయమైంది. ఎవరికి చెప్పుకునేది? ఒకే గుడిసెలో మామ, బావ ఉన్నారు. తెల్లారినాక అత్తతో మెల్లగా అనింది:

"అత్తా, రాత్రి నుంచీ బిడ్డ కదల్లేదు."

"నిద్రపోతాంటాదిలే. కాన్పు దగ్గరికొస్తే ఆట తగ్గుతాది. మేం కనలేదా?"

అత్త చెడ్డది కాదమ్మా. ఆమెకు వాళ్ళమ్మ చెప్పిన మాటే ఆమె చెప్పింది. కానీ ఆ మాట తప్పు. నెలలు నిండే కొద్దీ కదిలే తీరు మారవచ్చు గాని, బిడ్డ కదలడం మానదు. రెండు రోజులు గడిచినాయి. ఆసుపత్రికి పోయేసరికి గుండె చప్పుడు లేదు.

మొదటి పూటే పోయుంటే బతికేదా? తప్పక బతికేదని నేను చెప్పను. కొన్ని మరణాలకు కారణం డాక్టర్లకు కూడా దొరకదు. కానీ బి.పి. చూసి ఉండేవారు, మూత్రం పరీక్ష చేసి ఉండేవారు. ఆ వాపు, ఆ తలనొప్పి ఎండవల్ల కాదని తేలేది. బిడ్డను ముందుగా బయటికి తీసే దారి ఉండేది.

ఇంటికొచ్చినాక ఆ పిల్లకు పాలు పడినాయి. రవిక తడిసిపోయింది. తాగే బిడ్డ లేదు. ఇంట్లో ఎవ్వరూ ఆ మాటెత్తలేదు. "మళ్ళీ కడుపు పండితే అంతా మరిచిపోతావులే" అన్నారు. దిష్టి అన్నారు, ఆ పిల్ల కాలు మంచిది కాదన్నారు. ఏడాది తర్వాత ఇలాంటి సమావేశంలోనే మొదటిసారి నోరు విప్పింది. ఆమె చెప్పడం అయిపోగానే పక్కనున్న ఇద్దరు తమకూ అట్లే అయిందన్నారు. ముగ్గురిదీ ఒకే వీధి! అంతవరకూ ఒకరి సంగతి ఒకరికి తెలియదు.

జార్ఖండ్, ఒడిశా పల్లెల్లో ఏక్‌జుట్ అనే సంస్థ 2005 నుంచి 2008 వరకు ఆడవాళ్ళను నెలనెలా కూర్చోబెట్టి, కథలు, బొమ్మలతో కాన్పు సంగతులు మాట్లాడించింది. పుట్టిన నెలలోపు పోయే బిడ్డల సంఖ్య అక్కడ దాదాపు మూడో వంతు తగ్గింది. కడుపులోనే పోయే బిడ్డల విషయంలో అంత మార్పు రాలేదు. కథ ఒక్కటే చాలదు, బి.పి. చూసే మనిషీ, ఆపరేషను చేసే ఆసుపత్రీ అందాలి మరి.

ప్రపంచంలో ఏటా దాదాపు 20 లక్షల మంది బిడ్డలు ఇట్లా ప్రాణం లేకుండా పుడుతున్నారని ఐక్యరాజ్య సమితి సంస్థలు 2020లో లెక్క చెప్పినాయి. అందులో నూటికి 40 మందికి పైగా నొప్పులు మొదలైనాక పోతున్నవారే. అంటే అంతదాకా బతికున్న బిడ్డలు! అందుకే చెప్తున్నాను, నొప్పులు తొందరగా రావాలని ఇంటి దగ్గర సూది వేయించుకోవద్దు. ఆ సూదికి గర్భసంచి ఊపిరాడనీకుండా బిగుసుకుంటుంది, బిడ్డకు రక్తం అందదు. ఆ మందు ఆసుపత్రిలో, డాక్టరు కళ్ళ ముందు ఎక్కించవలసినది.

ఇక చిన్న కోడలి సంగతి. ఈసారి ఆమె భర్తే నర్సమ్మ దగ్గరికి వచ్చి, "రెండేండ్లు ఆగాలంటే ఏం చేయాల?" అని అడిగినాడు. సిగ్గుపడుతూనే అడిగినాడనుకోండి, అయినా మెచ్చుకోవాలి. నిరోధ్, మాలా మాత్రలు, కాపర్ టి, మూడు నెలలకొకసారి వేసే అంతర సూది అన్నీ చెప్పింది నర్సమ్మ. వాళ్ళు సూది ఎంచుకున్నారు. ఆ ఎడంలో పిల్లకు ఒంట్లో రక్తం 11 గ్రాములు దాటింది. మళ్ళీ నెల తప్పినాక 9వ తేదీ వచ్చిందంటే డాక్టరమ్మ చూసే రోజని తానే ముందు లేచేది. ఎడమ పక్కకో కుడి పక్కకో తిరిగి పడుకునేది, చివరి నెలల్లో వెల్లకిలా పడుకోలేదు. ఆ ఏడు సుగ్గికి అత్తామామలే పోయినారు. ఒకవేళ పోక తప్పకపోతే, అమ్మా, కార్డు కొంగుకు కట్టుకొని పోండి. ఏ ఊరి ప్రభుత్వ ఆసుపత్రి అయినా చూస్తుంది. 108 ఇక్కడ పిలిచినా వస్తుంది, గుంటూరులో పిలిచినా వస్తుంది.

తొమ్మిదో నెలలో ఒక మధ్యాహ్నం మళ్ళీ ఆట తగ్గింది. ఈసారి "పోదాం పదవే" అనింది అత్తే. ఆ రాత్రికే ఆదోనిలో ఆపరేషను చేసినారు. ఆడపిల్ల పుట్టింది, రెండుంపావు కిలోలు. ఇప్పుడు అంగన్‌వాడీకి పోతోంది.

నా కథ అయిపోయింది. ఆ మూలన కూర్చున్న అవ్వ ఇందాకటి నుంచి చెయ్యి ఎత్తుతోంది. తనకు మూడో కాన్పులో ఏమైందో చెప్తుందంట. అవ్వా, ఇట్లా ముందుకు రా. పిల్లలూ, అవ్వకు దోవ ఇవ్వండి.