దేశాంతరయాత్ర - స్త్రీల చేతిపనులు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ప్రసంగపాఠము)



దేశాంతరమునకు పోవువారు పలువిధములు. విద్యకై పోవువారు కొందరు, ధనార్జనకై పోవువారు కొందరు, తీర్థములును వింతలును చూడబోవువారు మఱికొందరు. పరదేశపు పల్లెలో అరుగుమీద కూర్చుండి దారమల్లుకొనుచున్న స్త్రీ కష్టమునకు తగిన వెల దొరకవలెనను తలంపుతో ప్రయాణము కట్టినవారు మాత్రము బహు స్వల్పము. అట్టి యాత్రలను గూర్చియు, వాని ఫలితములను గూర్చియు విచారించుటయే ఈ ప్రసంగవిషయము.

విషయము క్రొత్తది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున రెండవ అధికరణమునందు సూత్రాధ్యక్షుడను అధికారి యొకడు కలడు. నూలు వడికించుటయు, బట్టలు నేయించుటయు అతని పని. వితంతువులకును, అంగవైకల్యము గలవారికిని, కన్యలకును అతడు పని చూపవలెను. ఇల్లు వెడలి రాని స్త్రీలకు తన దాసీలచేత మర్యాదగా పని పంపవలెను. తెల్లవారుజామున స్త్రీ నూలు తెచ్చినప్పుడు దీపము వెలిగించుట నూలు పరీక్షించుటకు మాత్రమే. ఆమె ముఖమువంక చూచినను, పనికి సంబంధింపని మాటలాడినను ఆ యధికారికి దండనము. కూలి యిచ్చుటలో కాలము గడిపినను దండనమే. చేయని పనికి కూలి యిచ్చినను దండనమే. నూలు సన్నమో, ముతకో, మధ్యమమో చూచి కూలి నిర్ణయింపవలెను. పని యింటికి చేరుట, మర్యాద, తగిన వెల, వేళకు చెల్లింపు - ఈ నాలుగును ఆనాడే చెప్పబడినవి. నేటి విదేశ వర్తకమును కొలుచుటకును ఇవియే కొలబద్దలు.

తెలుగు బట్ట సముద్రము దాటుటయు ప్రాచీనమే. కాకతి గణపతిదేవ చక్రవర్తి మోటుపల్లి రేవున పరదేశపు వర్తకులకు అభయశాసనము వ్రాయించెను. ఆ తరువాత మార్కో పోలో ఈ సీమను వర్ణించుచు, ఇచటి సన్నని వస్త్రములను సాలెగూటితో పోల్చెను. దేశమును ఒక రాణి న్యాయముగా పాలించిన సంగతిని కూడ వ్రాసెను. కాని ఆ నూలు వడికిన చేతులకు ఏమి ముట్టినదో ఆయన వ్రాయలేదు. యాత్రికులు బట్టను చూతురు, వర్తకులు వెలను చూతురు. చేయి ఎవ్వరికిని కనబడదు.

ఆ చేతిని చూచిన యాత్రికురాలు ఎడ్నా రూత్ బైలర్ అను అమెరికా వనిత. ఈమెది పెన్సిల్వేనియా రాష్ట్రములోని ఏక్రన్ అను చిన్న యూరు. భర్త మెన్నొనైట్ సేవాసంఘమున ఉద్యోగి. 1946లో ఆమె ప్యూర్టోరికో ద్వీపమునకు పోయినప్పుడు అచటి బీదస్త్రీలు నారబట్టపై అతి నేర్పుగా పూలు కుట్టుచుండిరి. పని మేలైనది, బేరము మాత్రము లేదు. బైలర్ వారికి ధర్మము చేయలేదు. కుట్టుపని మూటలు తీసికొని స్వదేశమునకు పోయెను. తన కారు వెనుక పెట్టెలో సరకుంచుకొని, ఇరుగుపొరుగులకును, స్త్రీల కుట్టుసమాజములకును చూపి అమ్మెను. వచ్చిన సొమ్ము కుట్టినవారికి చేరునట్లు చూచెను. కొనువారితో ఆ వస్తువు ఎవరు చేసినదియు, వారి బ్రతుకు ఎట్టిదియు చెప్పుచుండెను. కొన్నాళ్ళకు ఇల్లు విడిచి శరణార్థులైన పాలస్తీనా స్త్రీల కుట్టుపనియు, హైతీ దేశపు కొయ్యపనియు ఆమె సరకులో చేరెను.

1962లో ఈ పనిని సేవాసంఘము తన కార్యక్రమముగా స్వీకరించెను. 1968లో దీనికి స్వయంసహాయమను అర్థము గల 'సెల్ఫ్ హెల్ప్ క్రాఫ్ట్స్' అను పేరు వచ్చెను. 1976లో బైలర్ కన్నుమూసెను. 1996లో 'టెన్ థౌజండ్ విలేజెస్', అనగా పదివేల గ్రామములు, అను పేరు పెట్టిరి. గ్రామములను గూర్చి గాంధీ మహాత్ముడు పలికిన పలుకే ఈ పేరునకు మూలము. ఒక యిల్లాలి కారు పెట్టెలో మొదలైన బేరము న్యాయవర్తకమను ఉద్యమమునకు ఆదిమూలములలో ఒకటిగా లెక్కింపబడుచున్నది. ఆ యుద్యమము నేడు పాటించు నియమములలో ఒకటి వినదగినది: చేతిపనివారు కోరినచో వెలలో కనీసము సగము, వడ్డీ లేకుండ, ముందే ఇయ్యవలెను.

ఇది ఒక పక్షము. రెండవ పక్షమునకు దూరదేశము పోనక్కరలేదు. గోదావరి తీరమున నరసాపురము చాలును. పందొమ్మిదవ శతాబ్దిలో క్రైస్తవ మిషనరీలు ఆ ప్రాంతపు స్త్రీలకు లేసు అల్లిక నేర్పిరి. ఒక సూది, ఒక దారపుండ, రెండు చేతులు - పెట్టుబడి అంతే. ఆ లేసు విదేశములకు పోయెను. వర్తకము పెరిగెను, ఎగుమతిదారులు ధనవంతులైరి. 1970ల చివర మరియా మీస్ అను జర్మను సామాజికశాస్త్రజ్ఞురాలు అచటికి వచ్చెను. ఆమె లేసు కొనుటకు రాలేదు, లెక్క చూడవచ్చెను. ఆమె గ్రంథము 1982లో ఇంగ్లీషున వెలువడెను.

ఆ లెక్క యేమనగా: ఏజంటు దారమిచ్చును, ఒకతె పువ్వు లల్లును, వేఱొకతె అతుకుపని చేయును, ఎవరి చేతిలోను వస్తువు పూర్తిగా నుండదు. అది ఏ దేశమున ఏ వెలకు పోవునో అల్లినవారికి తెలియదు. గోషా పాటించు ఇండ్ల స్త్రీలు బజారునకు పోరు గనుక బేరము పురుషుల చేతిలో నుండును. దినమున ఆరు, ఎనిమిది గంటలు అల్లినను ఆమెను పనిమనిషిగా ఎవరును లెక్కింపరు. ఇంట కూర్చుండి తీరికవేళ అల్లుకొనుచున్నదందురు. ఆమెకు ముట్టునది పొలము కూలీ స్త్రీకి ప్రభుత్వము నిర్ణయించిన కనీస కూలికంటె ఎంతయో తక్కువ. వస్తువు విదేశమునకు పోయినంతమాత్రమున చేసినవారు బాగుపడరని ఆ గ్రంథము తేల్చినది.

దీనిని ఒక చిన్న లెక్కతో చూడవచ్చును. ఒక బల్లగుడ్డ అల్లుటకు నలువది గంటలు పట్టిన దనుకొందము. అది పట్టణమున 1000 రూపాయలకు అమ్ముడుపోయి, అల్లినవారికి 100 రూపాయలు ముట్టిన, గంటకు రెండున్నర రూపాయలు. కొనువాడు బేరమాడి 100 రూపాయలు తగ్గించుకొన్నచో, ఆ తగ్గింపు ఎవరి వాటాలో కోయబడును? దుకాణపు అద్దె తగ్గదు, రవాణా తగ్గదు, ఏజంటు తన వాటా వదలుకొనడు. చివరకు దెబ్బ తగులునది సూది పట్టిన చేతికే.

కావున దేశాంతరయాత్రతో మేలు చేయగోరువారు మొదట అడుగవలసిన ప్రశ్నలు నాలుగు. ఈ వస్తువునకు ఎన్ని గంటలు పట్టును? దారము ఎవరిది? సొమ్ము ఆలస్యమైనచో కాచుకొనువారెవరు? పని బాగులేదని త్రోసివేసినచో నష్టమెవరిది? ఈ నాలుగింటికిని జవాబు తెలియక కొన్న వస్తువు అందమైనదే కావచ్చును గాని, అది ఉపకార మనిపించుకొనదు. బైలర్ బేరము చూపినది, మీస్ లెక్క చూపినది. బేరము లేని లెక్క ఆకలి తీర్చదు; లెక్క లేని బేరము ఆకలిని దాచును.

నరసాపురపు లేసునకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. యంత్రముపై చేసిన చౌకలేసు పోటీలో ఆ పేరునకు రక్షణ దొరకుట సంతోషకరమే. అయినను పేరునకు రక్షణ వేఱు, చేతికి కూలి వేఱు. గిట్టనిచో తల్లి ఆ విద్యను కూతురికి నేర్పదు. ఒక తరము నేర్వనిచో ముద్ర మిగులును, విద్య మిగులదు.

నేడు అమెరికాకును, ఆస్ట్రేలియాకును పోవు తెలుగు బిడ్డలు ఎందరో. ఆవకాయతోపాటు ఒక లేసు గుడ్డయు వారి పెట్టెలో చోటు చేసికొనవచ్చును. దానిని అల్లినవారివద్దనే, బేరమాడక, సొమ్ము చేతికిచ్చి కొనుట ఒక పద్ధతి. అల్లినవారి పేరు, ఊరు, పట్టిన గంటలు ఒక చీటిపై వ్రాసి వెంట పంపుట రెండవ పద్ధతి. అచట దానిని చూచి మెచ్చుకొన్నవారికి ఆ చీటి చూపవలెను.

లేసు అల్లిన తెలుగు స్త్రీల లెక్క మొదట పరభాషలో, పరదేశమున అచ్చయినది. ఊరూర గ్రంథాలయములు వెలసినది ఇట్టి లెక్కలు తెలుగువారికి తెలుగులో అందుటకే. సూది పట్టిన స్త్రీ తన పనికి పట్టిన గంటలను తానే వ్రాసికొని, తన వెలను తానే చెప్పగలుగుటకు కావలసినది మొదట అక్షరము, పిమ్మట అంకె. ఆ రెండును ఈ గ్రంథాలయమున ఉచితముగా దొరకును. రజతోత్సవమునకు వచ్చిన తల్లులు తమ కుమార్తెలను వెంటబెట్టుకొని మరల రావలసినదిగా ప్రార్థన.