దూరదేశపు యుద్ధము - మన సంత ధరలు



ఎచ్చటనో జరుగు యుద్ధమునకును మన పొలములోని ట్రాక్టరునకును సంబంధమేమని కొందరికి తోచవచ్చును. మన దేశము వాడు ముడిచమురులో నూటికి 80 పాళ్లకు మించి విదేశములనుండియే వచ్చుచున్నది. చమురు వెల హెచ్చిన డీజిలు ధర హెచ్చును. లారీ కిరాయి పెరుగును. వెంటనే సంతలో ఉప్పు పప్పుల వెలయు పెరుగును.

1990 ఆగస్టు 2వ తేదీన ఇరాకు సైన్యము కువైటును ఆక్రమించెను. మనము ఆ రెండు దేశములనుండియు చమురు కొనుచుంటిమి. రెండు వాకిళ్లును ఒక్కమారే మూతపడెను. పీపా వెల మూడు నెలలలోపల ఇంచుమించు రెట్టింపాయెను. కువైటులో పనిచేయుచున్న లక్షకు పైబడిన భారతీయులు, వారిలో తెలుగువారెందరో, స్వదేశమునకు తరలివచ్చిరి. వారు ఇండ్లకు పంపు సొమ్మును నిలిచెను. అంతకుముందే అప్పులతో క్రుంగియున్న దేశమునకు విదేశద్రవ్యము అడుగంటెను. 1991లో మన బంగారమును విదేశములకు పంపి కుదువబెట్టవలసివచ్చెను. కయ్యము వారిది, కుదువ మనది!

గాదెలో గింజలు నిల్వచేసికొను రైతునకు ఇందలి పాఠము క్రొత్తదికాదు. విశాఖపట్టణమున భూగర్భపు రాతిని తొలిచి 13 లక్షల టన్నుల ముడిచమురు పట్టు గుహలను నిర్మించిరి. మంగళూరు, పాదూరులలోను అట్టివి కలవు. కాని మూడును నిండినను దేశావసరమునకు పది దినములకు మించి చాలవు. కావున నిల్వతోపాటు పొదుపును, సూర్యరశ్మితో నడచు పంపులవంటి స్వదేశశక్తియు వృద్ధికావలయును.

ఈ గ్రంథాలయమునకు వచ్చు పత్రికలలో విదేశవార్తల పుటను చదువక త్రిప్పివేయకుడు. మన సంత ధరలు కొంతవరకు అచ్చటనే నిర్ణయమగుచున్నవి. ఈ రజతోత్సవ శుభసమయమున నా మనవి యిదియే.