మన కాలువ, వాళ్ల కడవ
(రేడియో ప్రసంగ పాఠం)



పొద్దున్నే కొళాయి తిప్పుతాం, బిందె నిండుతుంది, పనిలో పడతాం. ఆ నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో, మనూరు దాటి ఎవరింటికి పోతున్నాయో ఆలోచించే తీరికుండదు. మా వదిన ఒక మాట అనేదాకా నాకూ ఉండేది కాదు.

మా పుట్టిల్లు పామర్రు. ఆ వైపు చాలాచోట్ల బోరు వేస్తే ఉప్పునీరే. పప్పుడకదు, సబ్బు నురగ రాదు. తాగడానికి కాలువ నీళ్లే ఆధారం. ఆ కాలువలకు మొదలు మన బెజవాడ. ఇక్కడ 1855లో కృష్ణకు ఆనకట్ట పూర్తయింది. 1957లో దాని స్థానంలో ప్రకాశం బ్యారేజి వచ్చింది. ఏలూరు, రైవస్, బందరు కాలువలు తూర్పు డెల్టాలో పొలాలనూ ఊళ్లనూ తడుపుతాయి. 2015 నుంచి పట్టిసీమలో ఎత్తిపోసిన గోదావరి నీరు కూడా వచ్చి కలుస్తోంది.

వేసవిలో కాలువలు కట్టేస్తారు. ఆలోగా ఊరి మంచినీటి చెరువు నింపుకోవాలి. మళ్లీ నీళ్లు వదిలేదాకా అదే గతి. మా అమ్మ బిందెలో చిల్లగింజ అరగదీసి నీళ్లు తేర్చేది. మడ్డి దిగేది గాని రోగాలు ఆగేవి కావు. రక్షిత మంచినీటి పథకాల్లో చెరువు నీటిని ఇసుక పడకల గుండా నెమ్మదిగా దింపుతారు. ఇసుక మీద ఏర్పడే సన్నని జీవపొర క్రిముల్ని పట్టేస్తుంది. ఆపైన క్లోరిన్ కలిపి ట్యాంకుకెక్కిస్తారు. 2019లో మొదలైన జలజీవన్ మిషన్ పల్లెల్లో మనిషికి రోజుకు 55 లీటర్లని లెక్కగట్టింది. ఆ కాసిని నీళ్ల వెనక ఇంత శ్రమ ఉంది.

ఇక వదిన మాట. ఒక దసరాకి పూజ పువ్వులన్నీ ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి, పుణ్యమే కదా అని కాలువలో వేశాను. తర్వాత పామర్రు వెళితే వదిన చెరువు తూము దగ్గరికి తీసుకెళ్లింది.

"చూడు అమ్మాయీ, మీ బెజవాడ వాళ్ల పూజలన్నీ ఇక్కడ తేలుతున్నాయి. అవి పక్కకి నెట్టి మేం తాగుతున్నాం" అంది నవ్వుతూనే.

నాకు తల కొట్టేసినట్టయింది. అందులో నా సంచీ ఉందేమో! వదినతో చెప్పలేకపోయాను. ఇవాళ మీతో చెబుతున్నాను.

చెత్త, మురుగు ఎక్కువైతే ఇసుక పడక పూడిపోతుంది. పైపొర గీకి మళ్లీ సిద్ధం చేసేదాకా ఆ పడక పనికిరాదు. క్లోరినేమో మురికితోనే సరిపోయి, క్రిముల దాకా మిగలదు. అప్పుడు జబ్బు పడేది ముందుగా పసిపిల్లలే.

అందుకని పూజ పువ్వులు మొక్కల మొదట్లో వేద్దాం. ప్లాస్టిక్ సంచులు చెత్తబండికే ఇద్దాం. మన వీధి మురుగు కాలువలోకి పోతుంటే నలుగురం కలిసి నగరపాలక సంస్థ వారినడుగుదాం. మన గుమ్మం ముందు పారేది మరొక ఇల్లాలి కడవలోకే చేరుతుంది.